మరల మరల వినిన మాట

“అభ్యాసము కూసు విద్య” యని పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను నమ్మియే మన ఇండ్లలోను, ఆదివారపు తెలుగు తరగతులలోను పిల్లలచేత ఒక్కొక్క మాటను పదిసారులు పలికించుచున్నాము. పదిసారులు పలికిన మాట పదునొకండవసారి దానంతట అదియే తెలియునని తలచుచున్నాము. సామెత సత్యమే. కాని అందులో సగమును మాత్రమే మనము వాడుకొనుచున్నామని మా అభిప్రాయము. పునరుక్తి అన్ని మాటలకును ఒకే విధముగ మేలు చేయదు. మనస్సులో ఇదివరకే స్థానమున్న మాటకు అది చేయు మేలు వేరు. స్థానము లేని మాటకు, అనగా వినువానికి కల్పితపదముతో సమానమైన మాటకు, చేయు మేలు వేరు. ఈ భేదమును గుర్తింపనిచో బెంగళూరులోని తెలుగు బిడ్డలు దినదినము తెలుగును వినుచునే తెలుగునకు దూరమగుదురు. ఈ వారము ఈ విషయమునే పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

ముందుగా తెలిసిన మాట సంగతి చూతము. కృష్ణరాజ మార్కెట్టు సందడిలో ఎవరైన “గడియారము” అని పలికినచో, ఆ మాటలో సగము చప్పుడులో మునిగిపోయినను తెలిసిన చెవి దానిని పట్టుకొనును. కొంతసేపటి క్రిందట ఆ మాటను ఒకసారి వినియుండినచో మరింత సులభముగ పట్టుకొనును. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పెక్కు ప్రయోగములచే నిర్ధారించిరి. చప్పుడుతో కలిపి వినిపించిన మాటలలో, ముందొకసారి వినినవానిని శ్రోతలు ఎక్కువగ గుర్తింతురు. వినబడినది నిజమైన మాటయా కాదా చెప్పుమన్నచో, రెండవసారి వినిన మాటకు శీఘ్రముగ “అవును” అందురు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ మోర్టన్ 1969లో దీనికొక ఉపపత్తిని చెప్పెను. మనస్సులో ప్రతి మాటకును కావలివాని వంటి యంత్రాంగమొకటి యున్నదట. చెవినబడు ధ్వనులలో తన మాటకు తగిన సాక్ష్యము చాలినంత కూడగనే అది మేల్కొనును. ఒకసారి మేల్కొన్న పిదప మరల మేల్కొనుటకు అంత సాక్ష్యము అక్కరలేదు. నిత్యము వాడు మాటకు కావలివాడు తేలిక నిద్రలో నుండును; అరుదైన మాటకు కావలివాడు గాఢనిద్రలో నుండును. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ ఉపపత్తిని పలువిధముల సవరించిరి. కాని తెలిసిన మాటకు పునరుక్తి దారిని సుగమము చేయునన్న విషయము మాత్రము నిలిచియే యున్నది.

ఇక “మడియారము” అను మాటను తీసికొనుడు. అట్టి మాట తెలుగులో లేదు. కాని దాని ఆకారము తెలుగుదే. ప్రయోగశాలలలో ఇట్టి కల్పితపదములను నిజమైన మాటల నడుమ చేర్చి వినిపింతురు. నిజమైన మాటలకు వచ్చినంత లాభము వీనికి రాలేదని కొన్ని ప్రయోగములు, కొంత వచ్చెనని మరికొన్ని ప్రయోగములు తెలిపినవి. పైగా ఒక చిక్కు కూడ కనబడెను. రెండవసారి వినబడిన కల్పితపదము శ్రోతకు ఎక్కడనో వినినట్లు తోచును. ఆ పరిచయమువలన నిజమైన మాటయేమో యను భ్రాంతి కలిగి, “కాదు” అని చెప్పుటకు కొన్ని వేళల ఆలస్యమగును. కావున తెలిసిన మాటకు పునరుక్తి దారి చూపుచుండగా, తెలియని మాటకు చాలవరకు పరిచయమును మాత్రమే ఇచ్చుచున్నది. పరిచయము వేరు, ఎరుక వేరు.

అర్థము లేనిదానిని వల్లెవేయుట ఎంత శ్రమయో జర్మనుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన గ్రంథమున లెక్కగట్టి చూపెను. ఆయన అర్థరహితములైన అక్షరములను కల్పించుకొని తానే వల్లెవేసెను. ఆంగ్లకవి బైరన్ పద్యములను కూడ వల్లెవేసెను. సుమారు 80 అక్షరములుగల పద్యము 9 పఠనములకు నోటికి వచ్చెను. అంతే పొడవుగల అర్థరహితమాలకు 70, 80 పఠనములు పట్టునని తేల్చెను. అర్థమున్నచోట శ్రమ పదవవంతునకు తగ్గినదన్నమాట.

దీనికి నిదర్శనమును వెదకుటకు జర్మనీకి పోనక్కరలేదు. మన చామరాజపేటలోని శ్రీరామసేవా మండలి 1939 నుండి శ్రీరామనవమి సంగీతోత్సవములను నడుపుచున్న సంస్థ. అట్టి వేదికలపైనను, నగరములోని ఇతర సభలలోను త్యాగరాజస్వామివారి తెలుగు కృతులు విరివిగ వినబడుచుండును. పాడువారిలోను వినువారిలోను తెలుగు రానివారు అనేకులు. ఒక్కొక్క కృతిని వారు వందలసారులు పాడియుందురు. స్వరము తప్పకుండ, అక్షరము పొల్లుపోకుండ పాడవలెనని వారు పడు తపనకు తెలుగువారమందరము చేతులు జోడింపవలెను. అయినను తెలుగెరుగని గాయకుడు తాళమునకు అనువుగ ఊపిరి తీసికొనునపుడు, ఒక్కొక్క యెడ ఒక మాటను నడుమ విరిచి దాని తోకను తరువాతి మాట తలకు తగిలించుట కలదు. ఆయనకు ధ్వనులు తెలియును. మాటల సరిహద్దులు తెలియవు. కృతిలోని ఆ మాటయే ఒక తెలుగు దుకాణదారు నోట బేరము నడుమ వెలువడినచో ఆయన గుర్తుపట్టుట దుర్లభము. వందలసారుల పునరుక్తి ధ్వనిని కాపాడినది గాని మాటను పుట్టింపలేదు. ఇది గాయకుల దోషము కాదు. పునరుక్తి స్వభావమే అంత.

ఈ దృష్టితో మన యింటి బిడ్డలను చూడుడు. 2011 జనగణన ప్రకారము కర్ణాటక రాష్ట్రమున తెలుగు మాతృభాషగాగలవారు నూటికి సుమారు 5.8 వంతులు, కన్నడము, ఉర్దూల తరువాత మూడవ స్థానము మనదే. ఇంత జనమున్నను, బెంగళూరులోని తెలుగు బిడ్డ పాఠశాలలో కన్నడమును, ఆంగ్లమును వినును. వీధిలో కన్నడముతోపాటు తమిళమును, హిందీని వినును. తెలుగు వినబడునది తల్లిదండ్రులు పనులనుండి తిరిగివచ్చిన తరువాతి గంటలలోనే. ఆ గంటలలో వాడు వినునవి ఏ మాటలు? రా, తిను, పడుకో, హోంవర్కు చేశావా. పిడికెడు మాటలే దినదినము పునరుక్తమగుచున్నవి. వానికి కొరత లేదు. కాని పండుగకు వచ్చిన అమ్మమ్మ “చేట తెచ్చి వసారాలో పెట్టరా నాయనా”, “చూరులోంచి నీళ్ళు కారుతున్నాయి” అన్నపుడు, చేట, వసారా, చూరు అనునవి వానికి “మడియారము” వంటివే. తెలుగు నిఘంటువులో అవి నిజమైన మాటలు. వాని మనస్సులో కల్పితపదములు. ఒక తరమువారికి నిజమైన మాట తరువాతి తరమువారికి కల్పితపదమగుటయే భాష నశించు విధము. అది చప్పుడు చేసి జరుగదు.

అన్నిటికంటె పెద్ద అపాయము మరియొకటి. పలుమారులు వినిన బిడ్డ తల ఊపును. అర్థమైనదని మనము తృప్తిపడుదుము. 1968లో రాబర్ట్ జాయన్స్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగమొకటి ఇచ్చట స్మరింపదగినది. ఆయన కల్పితపదములను తుర్కీ మాటలని చెప్పి అమెరికా విద్యార్థులచే పలికించెను. కొన్నింటిని ఒకసారి, కొన్నింటిని 25 సారులు. ఎక్కువసారులు ఎదురైన పదమునకే మంచి అర్థముండునని వారు ఊహించిరి. అర్థమే లేని పదమునకు! పునరుక్తి ప్రీతిని కలిగించునే గాని జ్ఞానమును కలిగింపదు. మన బిడ్డలు తెలుగు వినగనే ముఖము వికసింపజేయుట సంతోషకరమే. దానిని చూచి వారికి తెలుగు వచ్చినదనుకొనుట మాత్రము పొరపాటు.

అట్లని పునరుక్తిని త్రోసిపుచ్చుట మా ఉద్దేశము కాదు. తల్లి నోటి మాట కూడ శిశువు చెవిలో మొదట కల్పితపదమువలెనే ప్రవేశించును. 1996లో అమెరికాలో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ అనువారు 8 నెలల శిశువులకు “బిడాకు, పడోటి, గొలాబు” వంటి కల్పితపదములను నడుమ విరామము లేక కలిపి రెండు నిమిషములు వినిపించిరి. ఏ అక్షరము వెనుక ఏ అక్షరము తప్పక వచ్చుచున్నదో ఆ కొద్దిసేపటిలోనే శిశువులు కనిపెట్టి, పదముల ఆకారమును ఏర్పరచుకొనిరని తేలినది. అర్థము లేకున్నను పునరుక్తి మాటకు ఆకారమును కల్పింపగలదనుటకు ఇది ప్రబల సాక్ష్యము. “గొలాబు” వినగనే మన చెవికి గులాబి స్ఫురించుట కూడ గమనింపదగినదే. పెద్దవారికి కల్పితపదము సైతము తెలిసిన మాట చేయి పట్టుకొనియే లోనికి వచ్చును.

ఈ రహస్యమును మన భాష ఏనాడో ఎరుగును. “పుస్తకం గిస్తకం”, “కాఫీ గీఫీ” అని మనమందుము. గిస్తకము ఏ నిఘంటువులోను లేదు. గీఫీని ఎవరును త్రాగలేదు. అయినను వినినవాడు తికమకపడడు, ఏలయన దానికి ముందు తెలిసిన మాట నడచుచున్నది. పుస్తకమును, అట్టి తక్కిన వస్తువులును అని వెంటనే గ్రహించును. కన్నడమునను ఇదే రీతి కలదు. ద్రావిడ భాషలలోని ఈ ప్రతిధ్వని పదములను గూర్చి ముర్రే ఎమెనో 1938లోనే వ్రాసెను. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, పట్టపగలు అను మాటలను చూడుడు. “మొట్ట” యనినను, “చిట్ట” యనినను విడిగా ఆ అర్థము రాదు. పునరుక్తమైన మాట ప్రక్కన నిలిచి బలము తెచ్చుకొన్నవి. తెలిసిన మాట తోడున్నచో కల్పితరూపమునకు కూడ ప్రాణము వచ్చునని, తోడు లేనిచో రాదని వీనివలన గ్రహింపవలెను. పునరుక్తి వలదని కాదు, ఒంటరి పునరుక్తి చాలదనియే మా వాదము.

మరి తోడు ఎట్లు కల్పింపవలెను? మొదటిది మనుష్యుని తోడు. 2003లో పెట్రీషియా కూల్, ఆమె సహచరులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. అమెరికాలోని 9 నెలల శిశువులతో చీనా భాషీయులు 12 దఫాలుగ ఆడుచు, పుస్తకములు చదివి వినిపించుచు గడపిరి. ఆ శిశువులు చీనా ధ్వనుల భేదమును గుర్తింప నేర్చిరి. అవే మాటలను టెలివిజనులోను, ధ్వనిముద్రణలోను వినిన శిశువులు నేర్వలేదు. ఇది శిశువులను గూర్చినది, ధ్వనులను గూర్చినది. పెద్ద పిల్లలకు దీనినే యథాతథముగ అన్వయింపరాదు. అయినను, ఇంట తెలుగు టెలివిజను మ్రోగుచుండుటచే బిడ్డకు తెలుగు వచ్చునని నమ్మియున్న తల్లిదండ్రులు ఒకసారి ఆలోచింపవలసియున్నది.

రెండవది పలు గొంతుకల తోడు. ఏడున్నర నెలల శిశువు ఒక స్త్రీ గొంతున వినిన మాటను మరియొక స్త్రీ గొంతున గుర్తింపగలిగినను పురుషుని గొంతున గుర్తింపలేదని, పదిన్నర నెలలకు ఆ శక్తి కలుగునని 2000లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. మాట యొక్క ఆకారము గొంతునుండి విడివడుటకు కాలము పట్టుచున్నదన్నమాట. తల్లి ఒక్కతెయే తెలుగు మాటలాడు ఇంటిలో బిడ్డకు తెలియునది తెలుగు కాదు, తల్లి గొంతు. తాతయ్య, బాబాయి, పిన్ని, ఎదురింటి అత్తయ్య అందరును ఆ మాటనే పలికినపుడు అది అందరి మాట యగును.

మూడవది కాలవ్యవధి, నిద్ర. పైన చెప్పిన ఎబ్బింగ్‌హౌస్ మరియొక సంగతిని కనుగొనెను. ఒకేదినమున 68 సారులు వల్లెవేసిన దానికంటె, మూడు దినములలో పంచి 38 సారులు వల్లెవేసినది తక్కువ ఫలము నీయలేదు. ఇటీవల 2007లో నికొలా ద్యుమే, గారెత్ గాస్కెల్ అనువారు తెలిపినది మరింత వింతయైనది. నిజమైన ఆంగ్లపదములను పోలిన కల్పితపదములను శ్రోతలకు పలుమారులు వినిపించిరి. ఆ పదములు వెంటనే జ్ఞాపకమున నిలిచినవి. కాని తక్కిన మాటలతో సరిసాటిగ పోటీపడు మాటలుగ మారినది ఒక రాత్రి నిద్ర గడచిన తరువాతనే. పగలంతయు మేల్కొనియున్నవారిలో ఆ మార్పు కనబడలేదు. కావున ఆదివారమున గంటసేపు ఇరువది మాటలను వల్లెవేయించి, మరల ఆదివారమువరకు వానిని తలపెట్టకుండుట వృథాశ్రమ. అయిదు మాటలను తీసికొని, దినమునకు అయిదు నిమిషములు, వారమంతయు వాడించుట మేలు.

నాలుగవది అర్థము తోడు. చేట యను మాటను నూరుసారులు పలికించుటకంటె, చేట చేతికిచ్చి పిడికెడు బియ్యము చెరిగించుట శ్రేష్ఠము. చేట దొరకనిచో చేటను గూర్చిన కథ చెప్పవలెను. కథలో ఆ మాట పదిసారులు రావలెను. ప్రతిసారియు క్రొత్త వాక్యములో రావలెను. పునరుక్తి యన్న ఇదియే గాని చిలుకపలుకులు కావు.

కన్నడము మన బిడ్డల తెలుగునకు అడ్డమని భయపడువారు కొందరు కలరు. మేమట్లు తలపము. ఈ నాటి భాషను చక్కగ నేర్చుట మన ధర్మము. అది మనకు లాభము కూడ. ప్రాచీన పదాదియందలి పకారము కన్నడమున హకారమైనది: పాలు హాలైనది, పాము హావైనది, పంది హంది, పల్లె హళ్ళి యైనవి. “హాలు” తెలిసిన బిడ్డకు “పాలు” పూర్తిగ కల్పితపదము కాదు. గడియారము రెండిండ్ల ఉమ్మడి సొత్తు. కొన్ని చోట్ల మాత్రము జాగ్రత్త వలయును. కన్నడమున “నెల” యనగా నేల, మనకు మాసము. కన్నడమున “మర” యనగా చెట్టు, మనకు యంత్రము. ఇట్టి మాటను ఒంటరిగ ఎన్నిసారులు వినిపించినను, బిడ్డ మనస్సున ముందుగ మేల్కొనునది కన్నడపు అర్థమే. “వచ్చే నెల మామయ్య వస్తాడు” అని వాక్యములో వినిపించినచో మనది మేల్కొనును.

ఇంకొక్క విషయము, ఇది బిడ్డల భవిష్యత్తునకు సంబంధించినది. తెలుగు మాటనో, కన్నడపు మాటనో, ఆంగ్లపు మాటనో తోటివారంత వేగముగ గుర్తింపని బిడ్డను మందబుద్ధి యని తొందరపడి నిర్ణయింపరాదు. మూడు భాషల నడుమ పెరుగు బిడ్డకు ఒక్కొక్క భాషలో వినికిడి పాలు తక్కువ; వినికిడి తక్కువైన మాటకు గుర్తింపు ఆలస్యము. ఎన్ని మాటలు వచ్చునో లెక్కించు పరీక్ష ఆ బిడ్డకు అన్యాయము చేయవచ్చును. 1997లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన యొకటి దీనిని చూపినది. పదజ్ఞానముపై ఆధారపడిన పరీక్షలో అల్పసంఖ్యాక వర్గముల బిడ్డలు వెనుకబడిరి. కల్పితపదమును విని తిరిగి పలుకు పరీక్షలో వెనుకబడలేదు. ఏలయన కల్పితపదము ముందుగ ఎవరికిని తెలియదు. అక్కడ అందరును సమానులే. అయితే ఆ కల్పితపదములు బిడ్డ వినుచున్న భాష పోకడలో నుండవలెను. ఆంగ్లపు పోకడగల కల్పితపదముతో తెలుగు బిడ్డను తూచుట న్యాయము కాదు. బిడ్డ వాక్కును గూర్చి నిజముగ సందేహమున్నవారు ఆలస్యము చేయక నిపుణుల సలహా తీసికొనవలెను. 1965లో మైసూరున స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మన రాష్ట్రముననే యున్నది. ఎక్కడికి పోయినను, బిడ్డ ఇంట ఏ భాషను, బయట ఏ భాషను, దినమునకు ఎంతసేపు వినుచున్నాడో ముందుగ చెప్పుట తల్లిదండ్రుల విధి.

మన సంఘ సభ్యులకు మా సూచనలు స్వల్పములే. ఆదివారపు తరగతిలో వల్లెవేయించు మాటల సంఖ్యను తగ్గించి, వారమునకు అయిదు మాటలు చాలుననుకొందము. ఆ అయిదింటిని ఇంటికి పంపి, ఇంటిలోని ప్రతివారును దినమునకు ఒక్కసారియైన సహజముగ వాడునట్లు చూతము. తరగతికి ఒకే ఉపాధ్యాయురాలు కాక, రాయలసీమ తాతగారొకరు, కోస్తా అమ్మమ్మయొకరు, తెలంగాణ అన్నయ్యయొకడు, కోలారు అక్కయ్యయొకతె వంతులవారీగ వచ్చి కథ చెప్పుదురుగాక. పలుకుబడి భేదములకు వెరవనక్కరలేదు; అన్ని పలుకుబడులలోను గుర్తింపగలిగిన మాటయే నిజముగ వచ్చిన మాట. పరీక్షింపదలచినచో బిడ్డచే మాటను తిరిగి పలికింపవలదు. ఆ మాటతో ఒక పని చెప్పి చూడుడు. పని జరిగినచో మాట వచ్చినట్లు, తల మాత్రము ఊపినచో రానట్లు.

ఈ ఖర్చులేని పనికి వలసినది ఓపిక యొక్కటే. మన పెద్దల నోట నిజమైన మాటలుగ నున్నవి మన బిడ్డల చెవిలో కల్పితపదములు కాకుండ చూచుకొనుడని పాఠకులకు మా సవినయ విన్నపము.